టైరుకు నూనె పూస్తున్నారా? కాస్త ఆగండి!

దసరా వచ్చిందంటే కర్నూలు, కడప పల్లెల్లో ట్రాక్టర్లకు తలంటు పండుగే. బోరు దగ్గరో, చెరువు గట్టునో బండిని నిలబెట్టి శుభ్రంగా కడుగుతారు. పసుపు రాసి కుంకుమ బొట్లు పెడతారు. మామిడాకులు, బంతిపూల దండలు కడతారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. ఇదంతా బాగానే ఉంది. ఆ తర్వాత చేసే పని గురించే ఇక్కడ చెప్పుకోవాలి. ఇంజన్ నుంచి దించిన మడ్డి ఆయిలు ఒక డబ్బాలో పోసుకుని, పాత గుడ్డ ముంచి నాలుగు టైర్లకూ పట్టిస్తారు. మట్టి రంగులో ఉన్న టైరు క్షణంలో కాకి రెక్కలా నిగనిగలాడుతుంది. ఎవరైనా వద్దంటే, "కొత్త టైరు మాదిరి కనపడ్తాంది గదా, ఇంకేం గావల్ల?" అని ఎదురడుగుతారు.

కొత్తదానిలా కనపడటం వేరు, కొత్తదానిలా ఉండటం వేరు. ట్రాక్టరు వెనక టైర్లు ఒక జత మార్చాలంటే ఇవాళ పదుల వేల రూపాయల మాట. వాన చుక్కను నమ్ముకుని సేద్యం చేసే మన మెట్ట రైతుకు అది ఒక పంట మిగులు. అంత ఖరీదు పెట్టిన వస్తువుకు మనం ప్రేమగా పూసేదే దాని ఆయుష్షు తీస్తోందని తెలిస్తే ఎవరైనా ఆ డబ్బా పక్కన పెట్టేస్తారు. అందుకే టైరును దేనితో కడగాలి, మెరుపు కోసం ఏం పూయాలి, ఏం పూయకూడదు అన్న విషయాలు ఈ వారం మీకోసం.

నూనె అలవాటు ఎక్కడిది?

మన తాతల కాలంలో సేద్యపు సామాను అంతా కొయ్య, ఇనుము, తోలు. చెక్క బండి ఇరుసుకు కందెన పెట్టకపోతే కిర్రుమని అరిచేది. కపిల తోలే తోలు బానకు నూనె పట్టించకపోతే ఎండి పగిలేది. కొడవలికి, నాగటి కర్రుకు నూనె చెయ్యి తగిలిస్తే తుప్పు పట్టేది కాదు. కొయ్యకు నూనె మంచిది, తోలుకు మంచిది, ఇనుముకు మంచిది. ఆ అనుభవం నూటికి నూరుపాళ్లు నిజం.

తర్వాత ఇనుప పట్టా చక్రాల స్థానంలో రబ్బరు చక్రాలు వచ్చాయి. టైరు బండిని మన పెద్దలు ఇప్పటికీ డన్‌లప్ బండి అంటారు. 1888లో గాలి టైరు తయారుచేసిన జాన్ డన్‌లప్ పేరు మీద పుట్టిన కంపెనీ పేరే బండి పేరుగా స్థిరపడిపోయింది. చక్రం మారింది గానీ నూనె పూసే అలవాటు మారలేదు. తోలుకు మేలు చేసింది రబ్బరుకూ చేస్తుందని అనుకున్నాం. చిక్కంతా అక్కడే వచ్చింది.

రబ్బరుకు పడనిది ఏమిటి?

టైరులో ఉండేది రబ్బరు చెట్టు పాల నుంచి తీసిన సహజ రబ్బరు, పెట్రోలియం నుంచి తయారైన కృత్రిమ రబ్బరు, నల్లటి కార్బన్ పొడి, గంధకం, లోపల నైలాన్ పోగులు. పచ్చి రబ్బరు ఎండకు జిగురెక్కి, చలికి బిగుసుకుపోయేది. దానికి గంధకం కలిపి కాచి గట్టిపరచే పద్ధతిని 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టాడు. మొదటి రోజుల్లో టైర్లు తెల్లగా ఉండేవి. 1910 తర్వాత కార్బన్ పొడి కలపడం పెరిగింది. దానివల్ల టైరు నల్లబడటమే కాదు, అరుగుదల తగ్గింది, ఎండను తట్టుకునే శక్తి వచ్చింది. అంటే నలుపు పైన పూసే రంగు కాదు, టైరు ఒంట్లోనే ఉంది.

టైరు కంపెనీలు ఇంకో రెండు వస్తువులు కూడా కలుపుతాయి. ఒకటి మైనం, రెండోది గాలిలోని ఓజోన్ నుంచి కాపాడే మందు. బండి తిరిగేటప్పుడు టైరు వంగుతూ లేస్తూ ఉంటే ఇవి కొంచెం కొంచెంగా పైకి వచ్చి పల్చటి పొరలా నిలుస్తాయి. ఈ మందు గాలి తగిలి మారినప్పుడు టైరు పక్కలు లేత గోధుమ రంగుకు తిరుగుతాయి. మనం దాన్ని మురికి అనుకుని పీచు పెట్టి రుద్దుతాం. నిజానికి టైరు తనను తాను కాపాడుకుంటున్న గుర్తు అది.

డీజిలు, కిరోసిన్, పెట్రోలు, ఇంజన్ ఆయిలు ఈ మైనం పొరను కరిగించేస్తాయి. అంతటితో ఆగవు. రబ్బరులోకి ఇంకి దాన్ని ఉబ్బేలా, మెత్తబడేలా చేస్తాయి. పూసిన రోజు నల్లగా మెరుస్తుంది. పోనుపోను పై పొర బలహీనపడి, మే నెల నల్లరేగడి నెర్రెలిచ్చినట్టు సన్న పగుళ్లు మొదలవుతాయి. పైగా ఆ జిడ్డుకు దుమ్ము పట్టి రెండు రోజుల్లో టైరు మునుపటికంటే అసహ్యంగా తయారవుతుంది. మళ్లీ ఆయిలు పూస్తాం. ఇది ఆగని తిరగలి.

ఇంట్లోనే చేసి చూడండి

ఈ మాట ఊరికే నమ్మవలసిన పని లేదు. పంక్చరు షాపులో పారేసిన పాత ట్యూబు ముక్క తెచ్చుకోండి. ఒకే కొలతలో రెండు బద్దలు కత్తిరించండి. ఒకటి సబ్బు నీళ్లున్న గాజు సీసాలో, ఒకటి డీజిలున్న సీసాలో వేసి నీడన రెండు రోజులు ఉంచండి. తర్వాత తీసి పక్కపక్కన పెట్టి కొలవండి. సబ్బు నీళ్లలోది వేసినట్టే ఉంటుంది. డీజిలులోది ఉబ్బి, పొడుగు సాగి, పట్టుకుంటే మెత్తగా తగులుతుంది. మీ టైరు పై పొరకు జరిగేదీ అదే, కాకపోతే నెమ్మదిగా.

కడగడానికి ఏం కావాలి?

పెద్ద ఖర్చేమీ లేదు. ఒక బకెట్టు నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు గానీ బండ్లు కడిగే షాంపూ గానీ, ఒక నైలాన్ బ్రష్షు లేదా కొబ్బరి పీచు. ఇంతే. కుంకుడుకాయ రసం నురగతో కూడా మట్టి, తేలికపాటి జిడ్డు వదులుతాయి.

పద్ధతి ఇదీ. బండి తోలి వచ్చిన వెంటనే నీళ్లు పోయవద్దు. టైరు చల్లారనివ్వండి. పొద్దున పూట అయితే మేలు. ముందు ఉత్త నీళ్లతో మట్టి కడిగేయండి. నల్లరేగడి బంక అయితే కాసేపు నాననిచ్చి, చెక్క పుల్లతో గట్ల మధ్య నుంచి తీయండి. ఆ తర్వాత సబ్బు నీళ్లతో పక్కలు రుద్ది, మంచినీళ్లతో సబ్బు మిగలకుండా కడిగి, పొడి గుడ్డతో తుడవండి.

మన దగ్గర చాలా బోర్ల నీళ్లు ఉప్పగా, చవుడుగా ఉంటాయి. తుడవకుండా వదిలేస్తే టైరు మీద తెల్లటి చారలు మిగులుతాయి. వాటివల్ల రబ్బరుకు పెద్ద హాని లేదు గానీ, రిమ్ము అంచుల్లో ఉప్పు నీరు నిలిస్తే ఇనుము తుప్పు పడుతుంది. ఆ తుప్పు పొలుసులు లోపల ట్యూబును కోస్తాయి. కాబట్టి చివర గుడ్డ పెట్టి తుడవడం మరువకండి.

సర్వీసింగు సెంటర్లో ఒత్తిడి నీళ్లతో కడిగిస్తే గొట్టం మూతిని టైరుకు కనీసం అడుగు దూరంలో ఉంచమనండి. ఒకేచోట పెట్టి కొట్టనివ్వకండి. కడిగాక బండి అడుగుభాగానికి డీజిలో, ఆయిలో స్ప్రే చేయడం చాలాచోట్ల ఉన్న పద్ధతే. "అది టైర్లకు తగలనీయొద్దప్పా" అని ముందే చెప్పండి. తగిలితే అక్కడికక్కడే సబ్బు నీళ్లతో కడిగించండి.

ఇనుప తీగల బ్రష్షు, బాత్‌రూములు కడిగే యాసిడ్, కాస్టిక్ సోడా టైరు దగ్గరికి రానీయకండి.

కడగడంలో అసలు లాభం మెరుపు కాదు. టైరు చుట్టూ ఒకసారి కన్ను, చెయ్యి తిరుగుతాయి. దిగబడిన సర్కారు తుమ్మ ముల్లు, గట్ల మధ్య ఇరుక్కున్న నాపరాతి చెక్క, మేకు, వాల్వు దగ్గర లీకు అప్పుడే బయటపడతాయి. బేతంచెర్ల, జమ్మలమడుగు వైపు బండలు తోలే ట్రాలీలకు ఈ చూపు మరీ అవసరం.

మెరుపు కావాలంటే ఏం కొనాలి?

పండుగకో, పెండ్లికో బండి కళగా కనపడాలని కోరుకోవడం తప్పు కాదు. బజారులో టైరు పాలిష్, టైరు డ్రెస్సింగు పేర్లతో రకరకాల సీసాలు, స్ప్రే డబ్బాలు దొరుకుతున్నాయి. పేర్లు ఎన్ని ఉన్నా జాతులు రెండే.

మొదటిది నీటి ఆధారంగా తయారైనది. చూడటానికి పాలలా తెల్లగా ఉంటుంది. మెరుపు ఒక మోస్తరుగా వస్తుంది. చేతికి జిడ్డు తక్కువ. నాలుగు వానలు పడితే పోతుంది. రబ్బరుకు ఇది హాని చేయదు.

రెండోది పెట్రోలియం ద్రావకంలో కలిపినది. నీళ్లలా తేటగానో, నూనెలా చిక్కగానో ఉంటుంది. కిరోసిన్ లాంటి వాసన కొడుతుంది. తళతళ మెరుస్తుంది, ఎక్కువ రోజులు నిలుస్తుంది. కానీ పదేపదే పూస్తే మైనం పొరను తీసేస్తుంది, దుమ్మును పట్టుకుంటుంది.

రెండింటిలోనూ మెరుపునిచ్చేది చాలావరకు సిలికోను నూనే. సిలికోను టైరును తినదు. దాన్ని దేనిలో కలిపారన్నదే తేడా.

సీసా మీద ఇంగ్లీషులో ఉంటుంది, మాకెట్లా తెలుస్తుంది అంటారా? బడికి పోయే పిల్లలతో చదివించండి. 'వాటర్ బేస్డ్' అని ఉంటే తీసుకోండి. 'సాల్వెంట్ బేస్డ్', 'పెట్రోలియం డిస్టిలేట్స్', 'ఫ్లేమబుల్' అన్న మాటలుంటే ఆలోచించండి. ఒక్క జాగ్రత్త. స్ప్రే డబ్బాల్లో తోసే గ్యాసు కూడా మండేదే కాబట్టి వాటి మీద మంట బొమ్మ ఎటూ ఉంటుంది. అందుకే వీలైనంతవరకు గుడ్డతో పూసే సీసానే కొనండి.

ఇంకో తేలిక పరీక్ష ఉంది. గాజు గ్లాసులో నీళ్లు పోసి నాలుగు చుక్కలు వేసి కలపండి. పాలు కలిపినట్టు నీళ్లంతా తెల్లబడితే అది నీటి ఆధారం సరుకు. నూనె పొరలా పైకి తేలితే పక్కన పెట్టండి.

అంత ఖర్చు దేనికి అనుకునేవారు మందుల షాపులో దొరికే గ్లిజరిన్ ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్లు కలిపి పల్చగా పూయవచ్చు. నలుపు తేలుతుంది, రబ్బరుకు చేటు లేదు. గ్లిజరిన్ తేమను పీల్చి దుమ్మును కొంత పట్టుకుంటుంది కాబట్టి మళ్లీ కడగాలి. వేరుశనగ నూనె, బూటు పాలిష్ మాత్రం వద్దు. నూనె బంకగా మారుతుంది. బూటు పాలిష్‌లోనూ ద్రావకాలే ఉంటాయి.

ఏది పూసినా టైరు పక్కలకే పూయాలి. నేలకు ఆనే భాగానికి, బ్రేకు డ్రమ్ముకు, పెడళ్లకు, ఎక్కే మెట్టుకు తగలకూడదు. కారు, జీపు, ఆటో టైర్ల అడుగుకు తగిలితే బ్రేకు వేసినప్పుడు జారుతుంది. మోటారు సైకిలు టైర్లకు అసలు పూయకండి. మలుపులో బండి వంగినప్పుడు ఆ పక్కభాగమే నేలను పట్టాలి. పూసిన తర్వాత పావుగంట ఆగి, మిగిలిన తడి గుడ్డతో తుడిచేశాకే బండి తీయండి.

మందు చల్లి వచ్చాక...

ఇది చాలామంది పట్టించుకోని విషయం. పురుగు మందుల డబ్బాల మీద 'ఇసి' అనే అక్షరాలు చూసే ఉంటారు. వాటిలో మందును ద్రావకంలో కరిగించి ఉంటారు. అది టైరు మీద ఒలికితే డీజిలు చేసే పనే చేస్తుంది.

చీనీ, నిమ్మ తోటలకు బోర్డో మిశ్రమం, కాపర్ ఆక్సీక్లోరైడ్ కొట్టే రైతులు మరింత జాగ్రత్త పడాలి. మైలుతుత్తంలో ఉండే రాగి సహజ రబ్బరుకు విషం లాంటిది. రాగి తగిలిన చోట రబ్బరు త్వరగా పాడవుతుంది. స్ప్రేయరు తోలిన ట్రాక్టరు టైర్లను, స్ప్రేయరు గొట్టాలను ఆ పూటే కడిగేయండి. కడిగిన నీళ్లు పశువుల తొట్టి వైపు, బావి వైపు పోకుండా చూడండి.

ఎండాకాలమే అసలు పరీక్ష

మన జిల్లాల్లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. తారురోడ్డు అంతకంటే చాలా ఎక్కువ కాగుతుంది. దుక్కులు అయిపోయి బండికి పని తగ్గేదీ అప్పుడే. కదలని టైరులో మైనం పైకి రాదు. ఎండ, ఓజోన్ మాత్రం తమ పని చేస్తూనే ఉంటాయి. అందుకే రోజూ తిరిగే లారీ టైరు కంటే కళ్లంలో మూలన నిలబెట్టిన ట్రాలీ టైరు ముందు పగులుతుంది.

దీనికి ఏ సీసా పాలిషూ సాటిరాని మందు నీడ. కొట్టం లేకపోతే వేపచెట్టు కింద నిలపండి. అదీ లేకపోతే ఎండ పడే వైపు టైర్లకు గోనె పట్టలు కప్పండి. రెండు మూడు నెలలు ట్రాలీకి పని లేకుంటే ఇరుసు కింద నాపబండలు పేర్చి టైర్ల మీద బరువు తీసేయండి. ట్రాక్టరునైతే వారం పది రోజులకోసారి నాలుగడుగులు ముందుకు వెనక్కు కదపండి. ఆయిలు కారి మడుగు కట్టిన చోట నిలపకండి.

విడి టైర్లను మోటారు షెడ్డులో దాచే అలవాటు మనకుంది. స్టార్టరు దగ్గర మెరిసే నిప్పురవ్వల వల్ల, వెల్డింగు వల్ల ఓజోన్ పుడుతుంది. రబ్బరుకు అది పగ. చీకటిగా, చల్లగా ఉండే ఇంకో గదిలో దాచండి.

గాలి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. గాలి తక్కువైతే టైరు పక్కలు ఎక్కువగా నలిగి వేడెక్కి పగుళ్లు పెద్దవవుతాయి. పొలంలో దుక్కికి ఒక లెక్క, రోడ్డు మీద లోడుకు ఒక లెక్క ఉంటుంది. ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకంలో చూసి పట్టించండి. పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవండి. మధ్యాహ్నం వేడికి గాలి పెరిగిందని తీసేస్తే, చల్లారాక తక్కువైపోతుంది. ట్రాక్టరు నడపడం, బాగోగులు చూసుకోవడం పద్ధతిగా నేర్చుకోవాలనుకునే యువ రైతులకు పొరుగున అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ ఉంది.

మెరుపు మాటున మోసం

పాత ట్రాక్టరు, పాత ట్రాలీ, సెకండ్ హ్యాండు టైర్లు కొనేవారు ఈ మాట బాగా గుర్తుపెట్టుకోవాలి. అమ్మేవాడు ముందుగా చేసే పని టైర్లకు నల్లగా పూయడమే. ఆ నలుపు కింద పగుళ్లు కనపడవు.

బేరానికి పోయేటప్పుడు సంచిలో ఒక సబ్బు ముక్క, పాత గుడ్డ పెట్టుకోండి. సబ్బు నీళ్లతో టైరు పక్క జానెడు మేర తుడిచి, వెలుతురులో చూడండి. వెంట్రుక సన్నని పగుళ్లు పైపైన ఉంటే కొంతకాలం నడుస్తుంది, ధర తగ్గించి అడగవచ్చు. గోరు దిగేంత పగులు ఉన్నా, లోపలి పోగులు కనపడినా, పక్కన బుడిపె లేచినా ఆ టైరు ఇక పనికిరాదు.

వయసు కూడా చూడండి. టైరు పక్కన నాలుగు అంకెలు ఒకచోట అచ్చు వేసి ఉంటాయి. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. 2000 నుంచి ఈ నాలుగంకెల పద్ధతి నడుస్తోంది. 13.6-28 లాంటివి సైజు అంకెలు, వాటితో కలగాపులగం చేసుకోకండి.

ఇది డబ్బు విషయం ఒక్కటే కాదు. ట్రాలీల్లో మనుషులను ఎక్కించుకోవడం చట్టం ఒప్పుకోని పని. అయినా మిరప కోతలకు, పత్తి తీతకు కూలీలను అట్లనే తోలుకుపోతున్నాం. నలుపు పూసి దాచిన పగులు రోడ్డు మీద లోడుతో పోయేటప్పుడే తెగుతుంది. అప్పుడు పోయేది ఒక టైరు కాదు. పగిలిన టైరును మెరిపించి వేరొకరికి అంటగట్టే ముందు అమ్మేవారు కూడా ఈ సంగతి తలుచుకోవాలి.

గుర్తుంచుకోండి

* మడ్డి ఆయిలు, డీజిలు, కిరోసిన్, పెట్రోలు టైరుకు తగలనీయవద్దు. తగిలితే వెంటనే సబ్బు నీళ్లతో కడగాలి.

* కడగడానికి సబ్బు, నీళ్లు, మెత్తని బ్రష్షు చాలు.

* పాలిష్ కొంటే నీటి ఆధారంగా తయారైనదే కొనాలి. పక్కలకే పూయాలి.

* మోటారు సైకిలు టైర్లకు ఏ పాలిషూ వద్దు.

* మందు చల్లిన రోజే టైర్లు కడగాలి.

* ఎండాకాలం నీడ, సరిపడా గాలి తప్పనిసరి.

* పాత టైరు కొనేముందు తుడిచి చూడాలి.

ఇంజన్ నుంచి దించిన మడ్డి ఆయిలును ఏం చేయాలని అడుగుతారేమో. మూత ఉన్న డబ్బాలో పట్టి, పాత ఆయిలు కొనేవారికి ఇచ్చేయండి. మట్టిలో, కాలువలో పారబోయకండి. టైరుకు పూయడం మానేస్తే ఆ డబ్బాకు నాలుగు రూపాయలైనా వస్తాయి, టైరుకు నాలుగు కార్లు అదనంగా ఆయుష్షూ దక్కుతుంది. ఏరువాకకు ముందు ఒక పూట తీరిక చేసుకుని మీ బండి టైర్లన్నీ కడిగి చూసుకోండి.